పసికందు గుండెకు ఆక్సిమీటర్ పరీక్ష: ఎక్కడ మొదలైంది, ఎందుకు ఒక రోజు ఆగాలి

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వాటిలో కొన్ని నెల తిరక్కుండానే ప్రాణం మీదికి తెస్తాయి. అయినా పుట్టిన రోజు ఆ బిడ్డ బాగానే ఏడుస్తుంది, పాలు తాగుతుంది. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్ని తప్పించి రక్తాన్ని నడిపిన డక్టస్ అనే చిన్న నాళం ఇంకా తెరిచే ఉండటమే కారణం. పెద్ద ధమనులు తారుమారైన గుండెకో, ఎడమ భాగం ఎదగని గుండెకో అదే ఆధారం. కొద్ది రోజుల్లో అది మూసుకుంటుంది. అప్పటికి తల్లీబిడ్డలు ఇల్లు చేరి ఉంటారు.

స్టెతస్కోపుకు ఇవన్నీ దొరకవు, చాలా వాటిలో గుండె చప్పుడు మామూలుగానే ఉంటుంది. ఆక్సిజన్ 85 శాతానికి పడిపోయినా బిడ్డ రంగు మారినట్టు కంటికి తెలియకపోవచ్చు.

చర్మం మీంచే వెలుగుతో రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిమీటర్ సూత్రాన్ని జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1974లో లోకం ముందు పెట్టారు. చాలా ఏళ్లు అది ఆపరేషన్ థియేటర్లలోనే ఉండిపోయింది. 2009లో స్వీడన్ వైద్యులు 39,821 మంది పిల్లల మీద, 2011లో బ్రిటన్ వైద్యులు 20,055 మంది మీద జరిపిన అధ్యయనాలు వెలువడ్డాక పసికందులకూ ఇది పనికొస్తుందని తేలింది. 2011 ఆగస్టులో న్యూజెర్సీ దీన్ని తప్పనిసరి చేసింది. పరీక్షను తప్పనిసరి చేసిన అమెరికా రాష్ట్రాల్లో ఈ జబ్బుల వల్ల శిశు మరణాలు 33 శాతం తగ్గాయని 2017లో లెక్క తేలింది.

మన దగ్గర ముందు ఆపరేషన్‌కు డబ్బు దారి పడింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. పిల్లల్ని పరీక్షించేందుకు 2013లో వచ్చిన కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే గుండె జబ్బులనూ తన జాబితాలో చేర్చుకుంది. కానీ కంటితో చూసే పరీక్షకు ఈ పిల్లలు చిక్కరు. విశాఖలో ఘోషాసుపత్రి అయినా, కేజీహెచ్ అయినా, వీధి చివరి నర్సింగ్ హోమ్ అయినా, డిశ్చార్జి కాగితం రాసేముందు ఈ పరీక్ష జరగాలి. పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన బిడ్డకు మరీ ముఖ్యం.

పుట్టి 24 గంటలు నిండాక చేయాలి. అంతకన్నా ముందు చేస్తే, ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోక, బాగున్న పిల్లలు కూడా తప్పుతారు. ఒక కొలత కుడి చేతికి తీయాలి, ఎందుకంటే ఆ చేతికి రక్తం డక్టస్ కలిసే చోటికి ముందే చీలిపోతుంది. రెండోది ఏ పాదానికైనా సరే. రెండూ 95 శాతం లేదా అంతకన్నా ఎక్కువగా ఉండి, తేడా 3 దాటకపోతే పాస్. ఏ ఒక్కటి 90 కన్నా తగ్గినా వెంటనే డాక్టరును పిలవాలి. ఈ రెంటికీ మధ్య ఉంటే గంట ఆగి మళ్లీ తీయాలి, అప్పటికీ కుదరకపోతే ఎకో (గుండె స్కాన్) చేయించాలి.

కోవిడ్ నాడు ఇంటింటా కొన్న క్లిప్పు మిషన్ దీనికి పనికిరాదు. పసిపిల్లల చేతికి, పాదానికి చుట్టే ప్రోబే (కొలిచే పట్టీ) కావాలి. దాని వెలుగు ఒకవైపు, గ్రాహకం సరిగ్గా దానికి ఎదురుగా ఉండాలి. పాదం చల్లగా ఉన్నా, బిడ్డ ఏడుస్తున్నా అంకె నమ్మొద్దు. కామెర్ల లైటు కింద ఉంటే ప్రోబ్ మీద గుడ్డ కప్పాలి. తెర మీద నాడి అల నిలకడగా వచ్చాకే అంకె రాసుకోవాలి.

తప్పిన పిల్లలందరికీ గుండె జబ్బే ఉండదు. కొందరిలో న్యుమోనియానో, రక్తంలో ఇన్‌ఫెక్షనో బయటపడుతుంది, అదీ మంచికే. గుండె జబ్బేనని బలంగా అనుమానం ఉంటే, డక్టస్ మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెట్టాకే అంబులెన్స్ కదలాలి. ఆ మందుతో బిడ్డ ఊపిరి ఆగే ప్రమాదం ఉంది కాబట్టి ఊపిరి అందించే బ్యాగు, మాస్కు చేతిలో పట్టుకున్న మనిషి వెంట ఉండాలి.

బృహద్ధమని ఇరుకైన పిల్లలు మాత్రం తరచూ ఈ పరీక్షను దాటిపోతారు. అందుకే పాస్ అయిన బిడ్డకు కూడా గజ్జల్లో నాడి తడిమి చూడాలి.