యాభై పౌండ్ల బేరం వెనక కిల్కెన్నీ కోట కథ

ఐర్లాండ్‌లో నోర్ నది ఒడ్డున ఉన్న కిల్కెన్నీ కోట పేరెత్తగానే అందరూ 1967 నాటి బేరమే చెబుతారు. ఆ ఏడాది ఆరో ఆర్మండ్ మార్క్వెస్ ఆర్థర్ బట్లర్ దాన్ని ఊరివాళ్ల పునరుద్ధరణ కమిటీకి 50 పౌండ్లకు ఇచ్చేశాడు. ఆయన ఔదార్యం నిజమే. కానీ అంత కోట అంత చిన్న మొత్తానికి ఎందుకు దిగివచ్చిందో తెలియాలంటే దాని రాబడి లెక్కలు చూడాలి. కోట ఎవరిదన్నది పెళ్లిళ్లు, వారసులు, రాజద్రోహం కేసులు తేలుస్తూ వచ్చాయి. అది నిలబడేదీ కూలేదీ మాత్రం ఆదాయాన్ని బట్టే ఉండేది.

ఇక్కడ మొదట కోట కట్టినవాడు నార్మన్ యోధుడు స్ట్రాంగ్‌బో. 1172 ప్రాంతంలో వేసిన ఆ కట్టడం కర్రది. ఆయన కూతురు ఇసబెల్‌ను 1189లో పెళ్లాడిన విలియం మార్షల్‌కు ఈ సీమంతా భార్య తరఫు ఆస్తిగా వచ్చింది. నాలుగు మూలలా గుండ్రటి బురుజులతో రాతికోట కట్టించింది మార్షలే. ఆయనకు అయిదుగురు కొడుకులు. ఒకరి తర్వాత ఒకరు సంతానం లేకుండానే పోయారు. చివరివాడు 1245లో చనిపోయాక, 1247లో ఆస్తిని అయిదుగురు కూతుళ్ల వాటాలుగా పంచారు. పెద్ద కొడుక్కే మొత్తం ఆస్తి దక్కే ఆ చట్టంలో కొడుకులు లేకపోతే కూతుళ్లందరికీ సమాన వాటా. అలా ఒక్క సీమ అయిదు ముక్కలైంది. కిల్కెన్నీ ఆ కూతుళ్లలో తల్లి పేరే పెట్టుకున్న ఇసబెల్ వాటాకు, ఆమె ద్వారా గ్లోస్టర్ ప్రభువులైన డి క్లేర్ వంశానికి వెళ్లింది. ఆ వంశంలో ఆఖరి మగవాడు 1314లో స్కాట్లండ్‌లోని బానక్‌బర్న్ యుద్ధంలో చనిపోవడంతో మళ్లీ ఆడపిల్లల మధ్య పంపకం జరిగి, కోట డెస్పెన్సర్ కుటుంబం చేతికొచ్చింది. వాళ్లుండేది ఇంగ్లండ్‌లో. 1391లో మూడో ఆర్మండ్ ప్రభువు జేమ్స్ బట్లర్‌కు అమ్మేశారు.

బట్లర్లకు ఆ పేరు పదవి వల్ల వచ్చింది. వాళ్ల మూలపురుషుడు థియోబాల్డ్ వాల్టర్ ఐర్లాండ్‌లో రాజుగారి పానీయాల అధికారి, అంటే బట్లర్. దాంతోపాటు రేవుల్లో దిగే ద్రాక్షసారాలో సుమారు పదో వంతు వసూలు చేసుకునే హక్కు కూడా దక్కింది. ఆ హక్కు ఆరు శతాబ్దాలు నడిచింది.

వంశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన దాయాది తగాదా 1614లో మొదలైంది. పదో ప్రభువు, ‘బ్లాక్ టామ్’ అనే థామస్ బట్లర్‌ పోయేనాటికి సక్రమ సంతానంలో మగపిల్లలెవరూ మిగల్లేదు. బిరుదు అన్నదమ్ముల కొడుకు వాల్టర్‌కు వచ్చింది. భూములు కూడా మగ వారసుడికే చెందాలని వాల్టర్ వాదన. బ్లాక్ టామ్ కూతురు ఎలిజబెత్ భర్త రిచర్డ్ ప్రెస్టన్ మాత్రం రాజు మొదటి జేమ్స్‌కు బాగా కావలసినవాడు. రాజు తానే తీర్పరిగా కూర్చుని కోటతో సహా ఆస్తిలో పెద్ద భాగం ప్రెస్టన్ దంపతులకు రాశాడు. ఒప్పుకోనన్న వాల్టర్‌ను లండన్‌లోని ఫ్లీట్ జైలులో పెట్టారు. 1625 దాకా, ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఈ ముడి విప్పింది కోర్టు కాదు. 1628లో ప్రెస్టన్ ఓడ ప్రమాదంలో మునిగిపోయాడు, అదే ఏడాది భార్యా పోయింది. 1629లో వాళ్ల ఒక్కగానొక్క కూతురిని వాల్టర్ మనవడు జేమ్స్ పెళ్లాడడంతో బిరుదు, భూమి మళ్లీ ఒకచోటికి చేరాయి. ఈ పెళ్లి కుదరకపోతే కిల్కెన్నీ బట్లర్లకు మిగిలేది కాదు.

ఆ జేమ్సే తర్వాత మొదటి ఆర్మండ్ డ్యూక్ అయ్యాడు. 1650లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ ఫిరంగులు కోట తూర్పు వైపును దెబ్బతీశాయి. ఆ గోడనూ ఒక బురుజునూ తర్వాత తీసేశారు. ఈరోజు కోట మూడు వైపులే మూసి ఉండి, నాలుగో వైపు పార్కుకు తెరుచుకుని ఉండడానికి కారణం అదే. రెండో డ్యూక్ మీద 1715లో రాజద్రోహం మోపి ఆస్తి జప్తు చేశారు. తమ్ముడు ఆరన్ ప్రభువు తిరిగి కొనుక్కోవడానికి 1721లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఆయనకూ పిల్లల్లేక, చివరకు 1766లో గారిరికెన్ శాఖకు చెందిన వాల్టర్ బట్లర్ చేతికొచ్చింది.

ఇక డబ్బు సంగతి. ద్రాక్షసారా హక్కును 1811లో ప్రభుత్వం 2,16,000 పౌండ్లిచ్చి వెనక్కు తీసుకుంది. ఇప్పుడు మనం చూసే కోట రూపం చాలావరకు ఆ తర్వాత, 1826 నుంచి వాస్తుశిల్పి విలియం రాబర్ట్‌సన్ చేసిన పునర్నిర్మాణమే. అప్పటికి శాశ్వత రాబడి ఒకటి రొక్కంగా మారిపోయింది. మిగిలిన ఆధారం కౌలు. 1880లలో ఏటా 22,000 పౌండ్లు కౌలు వచ్చేది. 1903 చట్టం ప్రకారం రైతులు 68న్నర ఏళ్ల వాయిదాల మీద ప్రభుత్వ అప్పు తీసుకుని తాము దున్నే భూమి కొనుక్కోసాగారు. రైతుకు జరగాల్సిన న్యాయమే అది. కానీ దేశంలో ప్రతి పెద్ద కోటకూ ఆధారమైన ఏర్పాటు దాంతో ముగిసింది. భూమి పోయి పెట్టుబడులు మిగిలాయి. 1930ల్లో బట్లర్లకు వాటి మీద వచ్చింది 9,000 పౌండ్లు, 1950 నాటికి 850. పైన వారసత్వ పన్ను. అంత కప్పుకు, అన్ని కిటికీలకు ఆ సొమ్ము ఏ మూలకూ సరిపోదు.

1935లో కుటుంబం కోట ఖాళీ చేసింది. ఆ నవంబరులో సామానంతా వేలానికి పెట్టారు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా కోట ఆలనా పాలనా లేక పాడుబడింది. మనుషులుండని ఇంట్లో కప్పు నీళ్లు దిగితే పట్టించుకునేవాళ్లుండరు. పైకప్పు దూలం, దాని కింద నేల చెక్క, ఆ కింద గోడ గార, అన్నీ వరసగా చివికిపోతాయి. అందుకే 1967లో లెక్కలోకి రావాల్సింది 50 పౌండ్లు కాదు, మరమ్మతు ఖర్చు. కోట ఎదుటి స్థలాన్ని కూడా, అక్కడ ఎవరూ ఏమీ కట్టకుండా, ఆర్థర్ బట్లర్ కొని ఇచ్చాడు. కానీ ఆ మరమ్మతు ఊరి కమిటీ మోయగల బరువు కాదు. 1969లో కోట ప్రభుత్వ పరమైంది.

గోడలు, కప్పు బాగుచేయడం డబ్బుంటే అయ్యే పని. వేలంలో చెల్లాచెదురైన గదులను తిరిగి అమర్చడమే కష్టమైంది. లైబ్రరీ గోడలకు ఒకప్పుడు ఏ గుడ్డ వేశారో గోడ అడుగు చెక్క వెనక చిక్కుకున్న పాత ముక్క ఒకటి బయటపెట్టింది. దాని నమూనా చూసి ఫ్రాన్స్‌లో అదే పట్టు పాప్లిన్ గుడ్డ మళ్లీ నేయించి గోడలకు వేశారు.