లినెట్ యియాడమ్ బ్వాచే చిత్రాలు: అపోహలు - వాస్తవాలు

లండన్ చిత్రకారిణి లినెట్ యియాడమ్ బ్వాచే చిత్రాలను నా దగ్గర తైలవర్ణ చిత్రణ నేర్చుకునేవారికి చూపించినప్పుడల్లా వారు ముందుగా అడిగేది "ఈ మనిషి ఎవరు?" అనే; తక్కిన అపోహలు చాలావరకు ఆ ప్రశ్నలోంచే పుడతాయి.

అపోహ: ఇవి నిజంగా ఉన్న మనుషుల పోర్ట్రెయిట్లు.

వాస్తవం: ఆమె మోడల్‌ను ఎదుట కూర్చోబెట్టుకుని గీయరు. దాచిపెట్టుకున్న ఫొటోలు, పాత చిత్రాలు, జ్ఞాపకాలు, ఊహల నుంచి ఒక భంగిమనో చూపునో ఏరుకుని, లోకంలో ఎక్కడా లేని మనిషిని కాన్వాస్ మీద నిలబెడతారు.

అపోహ: పోలిక పట్టలేనివారే అస్పష్టతను ఆశ్రయిస్తారు.

వాస్తవం: ఇక్కడి అస్పష్టత కావాలని సాధించినది. చెప్పులో బూట్లో గీస్తే అది ఏ కాలమో తెలిసిపోతుంది కనుక ఆమె గీసిన మనుషుల్లో చాలామంది వట్టి కాళ్లతోనే ఉంటారు. చాలా చిత్రాల్లో వారి వెనుక ఫలానా గది, ఫలానా ఊరు అని చెప్పే ఆనవాలేదీ కనిపించదు, ముదురు గోధుమ ఛాయలు తప్ప. ముదురు నేపథ్యం మీద ముదురు మేనిఛాయను తేల్చడం ఎంత కష్టమో కుంచె పట్టినవారికి తెలుసు. ట్యూబులోని నలుపును నేరుగా పూస్తే ముఖం జీవం కోల్పోతుంది. అంబర్ అనే మట్టి గోధుమ రంగులో నీలమో ఎరుపో కొద్దికొద్దిగా కలుపుతూ, వెచ్చని ఛాయకూ చల్లని ఛాయకూ మధ్య తేడాతోనే చెంప ఎముకను పైకి తేవాలి. పోలిక పట్టడం దీనికన్నా సులువని నా అభిప్రాయం.

అపోహ: ఒక్క రోజులో ముగించిన చిత్రంలో శ్రద్ధ ఉండదు.

వాస్తవం: ఆమె చాలాకాలం పాటు చిత్రాన్ని ఒక్క రోజులోనే పూర్తి చేసేవారు. అది అశ్రద్ధ కాదు: రంగు తడిగా ఉండగానే పక్క రంగును కలిపితే అంచులు ఒకదానిలోకి ఒకటి కరుగుతాయి. అది ఆరడం మొదలయ్యాక ఆ మెత్తదనం రాదు.

అపోహ: చిత్రం అర్థం శీర్షికలో దాగి ఉంటుంది.

వాస్తవం: 2011 నాటి 'కాండోర్ అండ్ ద మోల్'లో సముద్రతీరాన ఇద్దరు బాలికలు ఉంటారు, శీర్షికలోని రాబందూ లేదు, చుంచూ లేదు. కథలు, కవితలు కూడా రాసే ఆమెకు శీర్షిక మరో కుంచె గీత వంటిదే తప్ప వివరణ కాదు.

అపోహ: ఇది సంప్రదాయం తెలియని కొత్త పోకడ.

వాస్తవం: ఘనా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు 1977లో లండన్‌లో పుట్టిన ఆమె ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ కళాశాలలో చదివి, 2003లో లండన్‌లోని కళావిద్యాలయం రాయల్ అకాడమీ స్కూల్స్‌లో చదువు ముగించారు. పాత తరం ఫ్రెంచ్ చిత్రకారులు మానే, దెగా, బ్రిటిష్ చిత్రకారుడు సికర్ట్‌ల ప్రభావం ఆమె చిత్రాల్లో స్పష్టంగానే కనిపిస్తుంది. 2013లో బ్రిటన్‌లో సమకాలీన కళకిచ్చే టర్నర్ బహుమతి తుది జాబితాలో నిలిచారు.

అపోహ: అందరూ నల్లజాతివారే కనుక ఇవి జాతి సమస్యపై నినాదాలు.

వాస్తవం: ఆ మనుషులు నాట్యం చేస్తారు, పొగ తాగుతారు, తీరిగ్గా పడుకుంటారు, తమలో తాము నవ్వుకుంటారు. తన చిత్రాల్లోని మనుషులు నల్లగా ఉండటం ఆమెకు సహజమైన విషయం. దానికి ప్రత్యేకంగా కారణం చెప్పాలని ఆమె అనుకోలేదు.