పరికరానికి గ్రాంటు సరే, పడవ అద్దె ఎవరిస్తారు?

సముద్ర పరిశోధన నిధుల మీద ఒడిశాలోని గంజాం తీరంలో పాత ప్రశ్నే మళ్లీ ముందుకొచ్చింది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 'పృథ్వీ విజ్ఞాన్' పథకానికి 2024 జనవరిలో ఆమోదం దొరికిన 4,797 కోట్ల రూపాయలు 2021–26 కాలానికి ఉద్దేశించినవి. లోతు సముద్రాన్ని శోధించడానికి 2021 జూన్‌లో మంత్రివర్గం ఒప్పుకున్న డీప్ ఓషన్ మిషన్ కూడా ఐదేళ్లదే, 4,077 కోట్లు. తర్వాతి విడతలో తీరంలోని విశ్వవిద్యాలయాలకు ఏం దక్కుతుంది? బరంపురంలో సముద్ర శాస్త్రం చదివేవాళ్లకూ, వాళ్లను పడవల్లో తీసుకెళ్లే మన తెలుగు మత్స్యకారులకూ ఇది చిన్న విషయం కాదు.

సాగర్ కన్య, సాగర్ సంపద అనే పాత పరిశోధన ఓడల కాలం నుంచి కథ చెప్పక్కర్లేదు. నా దృష్టిలో అసలు మలుపు 2022 జులై 18.

ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనా సంస్థలు శాస్త్రీయ పరికరాలు కొంటే అంతకుముందు 5 శాతం జీఎస్టీ కడితే సరిపోయేది. 2022 జూన్ చివర్లో చండీగఢ్‌లో జరిగిన జీఎస్టీ మండలి 47వ సమావేశం ఆ రాయితీ తీసేయాలని సిఫార్సు చేసింది. జులై 18 నుంచి పన్ను 18 శాతానికి చేరింది. మినహాయింపులు పెరిగిపోయాయని, పన్ను విధానాన్ని సులువు చేయాలని ప్రభుత్వం చెప్పింది.

గ్రాంటు మీద దీని దెబ్బ ఎంతో లెక్క వేసి చూడండి. మంజూరు ఉత్తర్వులో ఒకసారి పడిన అంకె అంత తేలిగ్గా మారదు. పరికరాల పద్దులో 50 లక్షలుంటే, పాత పన్నుతో దాదాపు 47.6 లక్షల విలువైన సామాను వచ్చేది. కొత్త పన్నుతో 42.4 లక్షల సామానే వస్తుంది. ఐదు లక్షలకు పైగా తేడా. లోతును బట్టి నీటి ఉప్పదనం, ఉష్ణోగ్రత కొలిచే సీటీడీని ఎలాగూ కొనాలి. కాబట్టి కోత పడేది అదనపు సెన్సర్లు, కేబుల్, తాడు చుట్టి పరికరాన్ని దించే వించి లాంటి వాటి మీద. వించి లేకపోతే పడవ అంచున నిలబడి చేత్తోనే తాడు వదలాలి. గ్రాంటు ఇచ్చేదీ ప్రభుత్వమే, అందులోంచి పన్ను తీసుకునేదీ ప్రభుత్వమే. మధ్యలో తరిగిపోయేది సముద్రం మీద జరగాల్సిన పని.

పోనీ పరికరం వచ్చిందనుకుందాం. దాన్ని నీళ్లలోకి దించేదెలా? ఇక్కడ ఢిల్లీ వాదన ఒకటుంది. ప్రతి విశ్వవిద్యాలయానికీ ఓడ ఇవ్వడం కుదరదు, ఓడలను ఒకచోట ఉంచి అవసరమైనవాళ్లకు సమయం కేటాయించడమే మేలు అని. సాగర్ నిధి, సాగర్ మంజూష, సాగర్ తార, సాగర్ అన్వేషిక ఓడలను చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) నడుపుతోంది. నడిసముద్రంలో పనికి ఈ పద్ధతి సబబే.

కానీ గంజాంలో ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర నెలనెలా అదే చోట నీళ్లు తీయాలంటే చెన్నై నుంచి ఓడ రాదు, వచ్చినా అంత తక్కువ లోతులోకి దిగలేదు. ఆ పని చేసిపెట్టేది మత్స్యకారుల పడవలే. గోపాలపురం, ఆర్జీపల్లి, సముద్రం కోసేసిన పొదంపేట, ఈ ఊళ్ల తెలుగువాళ్లకు అల ఎప్పుడు విరుగుతుందో, పడవ ఎప్పుడు తోయాలో తెలుసు. ఉపగ్రహాలు చూపించే సముద్రపు రంగు, పచ్చదనం నిజమో కాదో సరిచూసుకోవడానికి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్), బరంపురం విశ్వవిద్యాలయం కలిసి గోపాలపురం దగ్గర నమూనాలు తీసే పని చేశాయి. చేపలు ఎక్కడ దొరకొచ్చో చెప్పే సూచనలు తయారయ్యేది ఉపగ్రహ సమాచారంతోనే. అవి తెలుగులో, ఒడియాలో మళ్లీ ఇదే తీరానికి వస్తాయి.

అంత ముఖ్యమైన పడవకు గ్రాంటులో విడిగా పద్దు ఉండదు. అద్దె, డీజిల్ ప్రయాణ ఖర్చుల్లోనో చిల్లర ఖర్చుల పద్దు కంటింజెన్సీలోనో ఇరికించాలి. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు మార్చాలంటే అనుమతి కావాలి, ఈలోగా ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 వచ్చేస్తుంది. ఫైబర్ బోటు మీద బతికే మనిషిని బిల్లు పుస్తకం, జీఎస్టీ నంబరు అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తాడు? పరిశోధనకు పడవ ఇచ్చిన రోజు అతనికి వేట లేని రోజు, ఆ కూలి ఆ సాయంత్రమే చేతిలో పడాలి. పైగా తాబేళ్ల కోసం ఋషికుల్య ముఖద్వారం దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. ఆ తర్వాత వానాకాలంలో కెరటాలు పడవను తోయనివ్వవు. ఇసుక మీంచే పడవ తోయాల్సిన తీరం ఇది.

ఈ తీరంలో అరువు ఓడలతో సముద్రాన్ని చదవడం కొత్తేమీ కాదు. 1952లో అమెరికా ఆచార్యుడు లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు బంగాళాఖాతం కొలతలు నౌకాదళం ఓడల మీదే తీశారు. అప్పుడు విశ్వవిద్యాలయం అడిగితే ఓడ ఇచ్చేవాళ్లున్నారు. ఇప్పుడు ఆ భారం గ్రాంటు తీసుకున్న ఆచార్యుడి మీద, పడవ యజమాని మీద పడింది.

నీళ్లలో పరికరం ఉంటే ఏం ఒరుగుతుందో 2013 అక్టోబర్ 12న తెలిసింది. ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు అక్కడ నీళ్లపై తేలుతూ అలలను కొలిచే బోయా ఆరు మీటర్లు మించిన అలలను నమోదు చేసింది. అలాంటి బోయాను బాగుచేయడానికి, లంగరు మార్చడానికి, పరికరాల కొలతలు సరిచూడడానికి ఏటా డబ్బు కావాలి. మూడేళ్ల ప్రాజెక్టు ముగిశాక ఆ ఖర్చు ఎవరిదో ఉత్తర్వుల్లో కనిపించదు.

తీరంవాళ్లు అడుగుతున్నది పెద్ద ఓడ కాదు. 2024 జులైలో గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం కోసం దాదాపు 840 కోట్లతో కొత్త ఓడకు ఓడలు కట్టే గార్డెన్ రీచ్ సంస్థతో ఒప్పందం అయింది, మంచిదే. ఇక్కడ కావాల్సింది వచ్చే విడత మార్గదర్శకాల్లో 'సముద్రంలో గడిపే రోజులు' అనే పద్దు. అందులోంచే పడవ అద్దె, డీజిల్, మరమ్మతులు ఇవ్వాలి, మత్స్యకారుడి సంతకం ఉన్న రసీదుతోనే డబ్బు చెల్లించే వీలుండాలి. పన్ను ఎంతైతే అంత మంజూరు మొత్తానికి అదనంగా కలపాలి.