హాకీ స్టిక్ గొడవ: వంపు కిందికి జారిన కథ

స్కూలు హాకీ పోటీలు దగ్గరపడితే తిరుపతిలో స్టిక్ గొడవ మళ్లీ లేస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు లో బో (వంపు కొన దగ్గరికి దిగిన) కాంపోజిట్ (చెక్క కాక ఫైబర్‌గ్లాస్, కార్బన్‌తో చేసిన) స్టిక్‌లతో ఆడొచ్చా? వద్దని పీఈటీలు, ఎందుకు వద్దని తల్లిదండ్రులు. ధ్యాన్‌చంద్ కాలం, 1976 మాంట్రియల్‌లో కృత్రిమ పచ్చిక మీద మనం ఏడో స్థానానికి పడిపోవడం, ఇవి అందరూ చెప్పుకునేవే. ఈ తగువు మూలం అక్కడ లేదు. స్టిక్ చెక్కను వదిలిన దగ్గర ఉంది.

మల్బరీ చెక్కను ఆవిరి పట్టి వంచేవారు. అది బాగా వంగుతుంది కాబట్టి మన దగ్గర స్టిక్ కొన పొట్టిగా వచ్చింది. మణికట్టు తిప్పితే చాలు, బంతి రివర్స్‌లోకి (స్టిక్‌ను తిరగేసి ఆడే వైపుకు) వచ్చేసేది. దేశవిభజన తర్వాత సియాల్‌కోట్ నుంచి జలంధర్ చేరిన పనివాళ్ల చేతుల్లో ఆ పని కొనసాగింది. ఆకారం ఎంతవరకు పోవాలో చెక్క పీచే తేల్చేది.

1990లలో ఫైబర్‌గ్లాస్, కార్బన్ స్టిక్‌లు వచ్చాక ఆ అడ్డు పోయింది. అచ్చు ఎలా ఉంటే స్టిక్ అలా. డిఫెండర్‌కు వెడల్పాటి మ్యాక్సి, మిడ్‌ఫీల్డర్‌కు మిడి, బంతిని ఒడిసిపట్టడానికి హుక్ అంటూ కొనలు వేరుపడ్డాయి. అసలు మార్పు మాత్రం కొనకు కాస్త పైన జరిగింది. స్టిక్ కాండం వంపు (బో) కిందికి, కొన వైపుకు జారింది. బంతి ఆ వంపులో కూర్చుని, వడిసెలలో రాయిలా విసురుగా వెళ్తుంది. గోల్ దగ్గర తప్పు జరిగితే ఎదుటి జట్టుకు దొరికే పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్ హిట్ అయితే గోల్ గీత దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు. బంతిని కొట్టకుండా స్టిక్‌తో ఈడ్చి విసిరే ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. నియమం వదిలిన ఆ సందులోంచే డ్రాగ్ ఫ్లిక్ వీరులు పుట్టుకొచ్చారు. పాకిస్తాన్ సొహైల్ అబ్బాస్, మన సందీప్ సింగ్ ఆ కోవవాళ్లే.

వంపు శ్రుతిమించుతోందని అంతర్జాతీయ సమాఖ్య 2006లో వంపు లోతుకున్న 50 మిల్లీమీటర్ల హద్దును 25కు తగ్గించింది. వంపు లోతైన చోటు స్టిక్ అడుగుకు 200 మిల్లీమీటర్ల కంటే దగ్గర ఉండకూడదన్నది తర్వాతి మాట.

పీఈటీల భయం ఈ కొలతల గురించి కాదు, నేల గురించి. లో బో స్టిక్‌తో హిట్ కొడితే దాని ముఖం కాస్త పైకి తెరుచుకుని బంతి లేస్తుంది. తడిపిన టర్ఫ్ మీద అలవాటైన ఆటగాడు దాన్ని అదుపు చేసుకుంటాడు. మన మట్టి గ్రౌండ్‌లో గులకరాయి తగిలి అప్పటికే ఎగిరే బంతికి ఇది తోడైతే ఎదుటి పిల్లవాడి మోకాలో, మొహమో పోతుంది. పైగా ఆ వయసులో రావాల్సింది నేల మీద బంతిని తోసే పుష్, ఆపే స్టాప్, ట్రాప్. వాటికి వంపు తక్కువున్న స్టిక్కే మేలు. ఫ్లిక్ నేర్పే కోచ్ కూడా ముందు వీటినే చూస్తాడు. నాకైతే ఈ వాదనలో పస కనిపిస్తుంది.

పై స్థాయి పోటీలన్నీ టర్ఫ్ మీదే, అక్కడ అందరి చేతుల్లోనూ కాంపోజిట్లే, మా పిల్లలే ఎందుకు వెనకబడాలన్నది తల్లిదండ్రుల మాట. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి భారత గోల్‌కీపర్‌గా ఎదిగిన ఎతిమరపు రజనిని ఉదాహరణగా చూపొచ్చు. గోల్‌కీపర్ స్టిక్ లెక్క వేరనేది వేరే సంగతి.

అంపైర్ చూసేది ఆ వంపు హద్దునే. దుకాణంలో దొరికే లో బో స్టిక్ ఆ హద్దుకు లోబడే ఉంటుంది కాబట్టి ఆ పరీక్షలో హాయిగా నెగ్గేస్తుంది. వయసు, నేల అన్న తేడాలు అందులో లేవు. పిల్లల పోటీలకు వేరే హద్దు కావాలంటే నిర్వాహకులే ముందుగా రాసి పెట్టాలి.