హక్కు, షుక్ర్, జులుం: అపోహలు - వాస్తవాలు

జుమా (శుక్రవారం) నాడు అరబ్బీ ఖుత్బా (నమాజుకు ముందు చేసే ప్రసంగం) ముగియబోతుండగా మా మసీదులోనే కాదు, లోకంలోని ఎన్నో మసీదుల్లో ఒకే ఆయత్ (ఖురాన్ వాక్యం) వినిపిస్తుంది. అల్లాహ్ న్యాయాన్ని, ఉత్తమ ప్రవర్తనను, బంధువులకు ఇవ్వడాన్ని ఆదేశిస్తున్నాడని దాని భావం (ఖురాన్ 16:90, అంటే 16వ సూరా లేదా అధ్యాయం, 90వ ఆయత్). క్రీ.శ. 717 నుంచి 720 వరకు పాలించిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ దీనిని ఖుత్బాలో చేర్చారని చెబుతారు. ఖుత్బాకు ముందు తెలుగులో ప్రసంగించడం నా వంతు కనుక, ఈ ఆయత్ మీద సందేహాలు నా దగ్గరికే వస్తాయి. అడిగేవారిలో ముస్లింలూ ఉంటారు, ముస్లిమేతరులూ ఉంటారు. అపోహల దగ్గర మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా కనిపించదు.

అపోహ: షుక్ర్ (కృతజ్ఞత) అంటే "అల్హమ్దులిల్లాహ్" (స్తుతి అల్లాహ్‌కే) అనడమే.

నోటి మాట షుక్ర్‌లో ఒక భాగం మాత్రమే. మనసు ఉపకారాన్ని గుర్తించాలి, నోరు దానిని ఒప్పుకోవాలి, ఒళ్ళు ఆ ఉపకారాన్ని ఇచ్చినవాడు మెచ్చే పనికి వినియోగించాలి అని పండితులు వివరిస్తారు. ప్రవక్త దావూద్ కుటుంబంతో ఖురాన్ "కృతజ్ఞతగా పనిచేయండి" అంటుంది (34:13). పెట్టిన మేత కొంచెమే అయినా ఒళ్ళు చేసి కనిపించే పశువును అరబ్బీ నిఘంటుకారులు 'షకూర్' అన్నారు. పాడి ఉన్న ఇంటివారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. అల్లాహ్‌కు తప్ప మనుషులకు కృతజ్ఞత చెప్పకూడదనే వారు కూడా అక్కడక్కడా తారసపడతారు. మనుషులకు కృతజ్ఞత తెలపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడన్న హదీసు (ప్రవక్త పలుకు) అబూదావూద్, తిర్మిజీ సంకలనాలు రెండింటిలోనూ ఉంది కనుక ఆ చర్చను ఇంకా సాగదీయను.

అపోహ: కృతజ్ఞత ఉన్నవాడు అన్యాయాన్ని నోరు మూసుకుని భరించాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఒక దుకాణంలో పనిచేసే యువకుడు ఇషా (రాత్రి) నమాజు తరువాత నా దగ్గర కూర్చుని, మూడు నెలల జీతం రాలేదని, అడిగితే యజమాని "ఉన్నదానికి షుక్ర్ చేసుకో, ఈ పని కూడా లేనివాళ్ళు ఎంతమంది ఉన్నారు" అన్నాడని చెప్పాడు. జీతం గురించి నలుగురిలో మాట్లాడితే నాషుక్రీ (కృతఘ్నత) అవుతుందా అన్నది అతని ప్రశ్న. అడుగుతున్నంతసేపూ చేతిలోని టోపీని మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాడు. తప్పు చేసినవాడిలా అతనే తల దించుకున్నాడు.

షుక్ర్ అల్లాహ్ ఇచ్చినదానికి. యజమాని ఎగ్గొట్టినదానికి కాదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు ఇబ్నెమాజా సంకలనంలో ఉంది. బుఖారీ సంకలనంలో మరింత కఠినమైన మాట ఉంది: ప్రళయదినాన తాను ఎవరికి వ్యతిరేకంగా నిలుస్తాడో ఆ ముగ్గురిలో, పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు ఒకడని అల్లాహ్ అన్నట్లు ప్రవక్త (స) తెలిపారు. చెడ్డమాట బహిరంగంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదంటూనే ఖురాన్ అన్యాయానికి గురైనవాడికి మినహాయింపు ఇచ్చింది (4:148). ఒక వస్తువును దానికి చెందని చోట పెట్టడమే 'జుల్మ్' అని భాషావేత్తలు అర్థం చెబుతారు. మన తెలుగులోని జులుం ఆ మాటే, హక్కు అనే మాటా అరబ్బీ 'హఖ్' నుంచి వచ్చినదే, లోక్ అదాలత్‌లోని అదాలత్‌కు మూలం న్యాయమనే అర్థమిచ్చే 'అద్ల్'. షుక్ర్ అనే మాటను కూలి ఎగ్గొట్టడానికి అడ్డం పెట్టుకోవడం కూడా వస్తువును తప్పుడు చోట పెట్టడమే కదా అని ఆ యువకుడితో అన్నాను.

అపోహ: ఇస్లాం చెప్పే న్యాయం ముస్లింల మధ్య మాత్రమే.

ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదని 5:8లో స్పష్టంగా ఉంది. అంతకంటే గట్టి నిదర్శనం నాలుగో సూరాలోని 105వ ఆయత్ నుంచి సాగే ఘట్టం. మదీనాలో ముస్లింగా చలామణీ అవుతున్న ఒకడు కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదుడి మీదకు నెట్టాడని, అతని తెగవారు ప్రవక్త దగ్గరకు వచ్చి తమవాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారని వ్యాఖ్యాతలు రాశారు. ద్రోహుల పక్షాన వాదించవద్దని ఆయత్‌లు అవతరించి, యూదుడు నిర్దోషిగా తేలాడు. తన పాపాన్ని నిరపరాధి మీద వేసేవాడు ఘోరమైన అపనిందను మోస్తున్నాడని 112వ ఆయత్ అంటుంది. "మనవాడు" అనే మాట చెల్లని చోటు అది.

అపోహ: జకాత్ (విధిగా ఇవ్వవలసిన దానం) ఇవ్వడం పేదవారికి ఉపకారం చేయడం.

నిసాబ్‌కు (జకాత్ తప్పనిసరి అయ్యే కనీస సంపదకు) మించి ఏడాది పాటు నిలిచిన సొమ్ములో 2.5 శాతం ఇచ్చేవాడు తన సొమ్ము ఇవ్వడం లేదు, ఎదుటివాడి సొమ్మును అప్పగిస్తున్నాడు. ధనవంతుల సంపదలో అడిగేవారికీ, లేమిలో ఉన్నవారికీ నిర్ణీతమైన హక్కు ఉందని 70:24-25 చెబుతుంది. అయినా ప్రతి రంజాన్‌లోనూ సరుకుల సంచి అందుకునేవారిని ఫోటోకు నిలబెట్టేవారు కనిపిస్తూనే ఉంటారు. ఒకసారి ఒక పెద్దావిడ కొంగు ముఖం మీదకు లాక్కుని సంచి అందుకుంటుంటే, "కొంచెం ఇటు చూడమ్మా" అన్న మాట నేను విన్నాను. దెప్పిపొడుపుతోనూ, మనసు నొప్పించడంతోనూ మీ దానాలను వ్యర్థం చేసుకోకండని 2:264 హెచ్చరిస్తుంది. సజ్జనులు అన్నం పెడుతూ "మీ నుంచి ప్రతిఫలమూ, కృతజ్ఞతా కోరము" అంటారని 76:9లో ఉంది. అక్కడ కృతజ్ఞతకు వాడిన మాట షుక్ర్ ధాతువుదే.

ఇక, పెళ్ళికి కట్నం ఇచ్చేశాం కనుక ఆడపిల్లకు ఆస్తిలో వాటా తీరిపోయిందనడం మా ఇళ్ళలోనే వినిపించే మాట. కట్నం షరియత్ (ఇస్లాం ధర్మశాస్త్రం) పెట్టినది కాదు, వాటా షరియత్ పెట్టినది. తక్కువైనా ఎక్కువైనా స్త్రీలకు నిర్ణీత భాగం ఉందని 4:7 అంటుంది.

న్యాయం దగ్గరే ఆగిపోతే చాలా అని కొందరు అడుగుతారు. చాలదనే ఆ జుమా ఆయత్ 'అద్ల్' పక్కనే 'ఎహ్సాన్' (ఉత్తమ ప్రవర్తన) అనే మాటను చేర్చింది. ఒకసారి ప్రవక్త ఒక వస్త్రం కొని, వెల తూచి ఇవ్వవలసి వచ్చినప్పుడు తూచేవాడితో "తూచు, మొగ్గు ఉండేలా తూచు" అన్నారు. ఆ మొగ్గు వెల పుచ్చుకునే అమ్మకందారు వైపు. మా మసీదు సందులో ఉల్లిపాయలు అమ్మే ఆయనకు ఈ హదీసు తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. తక్కెడ పళ్ళెంలోని మట్టిని అరచేత్తో తుడిచి, ముల్లు నిటారుగా నిలిచాక ఇంకొక ఉల్లిపాయ వేసి, పళ్ళెం కిందికి వంగిన తరువాతే సంచిలో పోస్తాడు.