గొరిల్లాకి బో టై ఎందుకంటే

చిట్టితల్లీ అమ్ములూ, ఒరే చింటూ,

సెలవుల్లో నా పక్కన చేరి మగిల్లా గొరిల్లా కార్టూన్ ఎపిసోడ్లు చూస్తూ చింటూ ఓ ప్రశ్న వేశాడు, గుర్తుందా? "గొరిల్లాకి బో టై ఎందుకు తాతయ్యా?" అని. "షోకు కోసంరా" అని తప్పించుకున్నాను. అసలు సంగతి అది కాదు.

ఆ బొమ్మలు తీసినవాళ్లు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. మీ టామ్ అండ్ జెర్రీని పుట్టించిందీ వాళ్లే. అది సినిమా హాళ్ల కోసం తీసింది కాబట్టి డబ్బుకీ టైముకీ కాస్త వెసులుబాటు ఉండేది. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు (ఒకదాని వెంట ఒకటి వచ్చే కదలని చిత్రాలు) నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు సర్దినా సెకనుకు 12 బొమ్మలు, ఏడు నిమిషాలకు 5,000 పైమాటే! అన్నీ చేత్తో గీసినవే. 1957లో వాళ్లు పనిచేసే కార్టూన్ స్టూడియో మూతపడి ఇద్దరూ టీవీ బాట పట్టారు. అక్కడ ఇచ్చే డబ్బు పిసరంత, బొమ్మ మాత్రం వారం వారం కావాలి.

అందుకని ఒంటిని ఒక పారదర్శకమైన షీటు మీద, తలను ఇంకో షీటు మీద గీశారు. మగిల్లా ఎంతసేపు మాట్లాడినా ఒళ్లు అదే బొమ్మ, తలా నోరూ మాత్రం మారుతుంటాయి. మరి ఆ రెండూ కలిసేచోట అతుకు కనబడదూ? అదుగో, అక్కడికి వచ్చి కూర్చుంది బో టై. యోగి ఎలుగుబంటికి కాలరూ టై ఉన్నదీ అందుకే. గౌను చిరిగినచోట మీ నాయనమ్మ పువ్వు కుట్టేస్తుందే, అలాగన్నమాట.

అన్నట్టు చింటూ, మగిల్లాని కోతి అన్నావు గానీ, అది కోతి కాదురా. తోకేదీ?

"అన్నీ ఒకటే కథ" అని అమ్ములు విసుక్కుంది. నిజమే. 1964లో మొదలైనప్పటినుంచీ అదే వరస. పీబుల్స్ గారి పెంపుడు జంతువుల కొట్టు, అద్దాల కిటికీలో గొరిల్లా. అరటిపళ్లకే ఆయన జేబు ఖాళీ. ధర తగ్గిస్తాడు, మళ్లీ తగ్గిస్తాడు. ఎవరో ఒకరు కొనుక్కుపోతారు. ఓసారి ఫుట్‌బాల్ కోచ్ కూడా కొన్నాడు (అమెరికా ఫుట్‌బాల్, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది). కాసేపటికే సరుకు వాపసు, డబ్బూ వాపసు. ఓజీ అనే చిన్నపిల్లకి మగిల్లా అంటే ప్రాణం, పాపం కొనే స్తోమత లేదు. నాకు మాత్రం పీబుల్స్ మొహమే ఇష్టం. పీడ వదిలిందని సంబరపడుతూ ఉంటాడు, అంతలో గుమ్మంలో గొరిల్లా! వస్తుందని తెలిసే కదా మనం ముందుగా నవ్వడం మొదలుపెట్టేది.

ఈసారి చూసేటప్పుడు ఒక పని చేయండి. మగిల్లా మాట్లాడుతుంటే బో టై పైనంతా అట్టముక్కతో మూసి, కింద ఒళ్లు ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టండి. లెక్క అమ్ములే రాసి పంపాలి. చింటూ లెక్క నేను నమ్మను.

మీ తాతయ్య