మాఘం వెళ్లాక నీడతోట: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో ఇళ్ల తోటల పని చేస్తాను. చాలా ఇళ్ల వెనక ఒక వేపో కానుగో ఉంటుంది, దాని నీడలో పసుపు, కంద, ఫెర్న్, కనకాంబరం, ఫుట్‌బాల్ లిల్లీ. మాఘ పున్నమి దాటిందంటే ఫోన్లు మొదలు, అందరిదీ దాదాపు ఒకటే టెన్షన్.

అపోహ: ఆకు ఎండితే మొక్క పోయినట్టే.

"తమ్మీ, గివన్నీ సచ్చిపోయినయ్, తీసి పారేయ్" అని ఒక అక్క కుండీలు చూపించింది. ఒకదాంట్లో మట్టి గీరి పసుపు దుంప బయటికి తీశాను. నొక్కితే గట్టిగా ఉంది, గోరు గుచ్చితే వాసన గుప్పుమంది, కణుపు దగ్గర బియ్యపు గింజంత తెల్లటి మొన. జూన్‌లో పెట్టిన పసుపుకు ఏడు నుంచి తొమ్మిది నెలల్లో ఆకు ఎండుతుంది, నిజామాబాద్ రైతులు ఆకు ఎండాకే కదా తవ్వేది! ఫుట్‌బాల్ లిల్లీ కూడా అంతే, ఏప్రిల్ చివర్లోనో మేలోనో ఒక వాన పడితే చాలాసార్లు ఆకు కంటే ముందు ఎర్రటి పూబంతే లేస్తుంది. దుంప మెత్తబడి కంపు కొడితేనే పారేయండి.

అపోహ: రోజూ నీళ్లు పోస్తే త్వరగా మొలుస్తుంది.

కుళ్లిపోతుంది. ఆకు లేని దుంపకు నీళ్లతో పనిలేదు, కుండీని గోడవారకు జరిపి తొలకరిదాకా వదిలేయండి.

అపోహ: చెట్టు కిందే కదా, ఎండ తగలదు.

నేను ఎక్కువ నష్టం చూసింది ఇక్కడే. వేప ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలో, సరిగ్గా ఎండ ముదిరే వేళకు నెత్తిమీద గొడుగు తీసేసినట్టు అవుతుంది. ఏడాదంతా నీడలో పెరిగిన ఆకుమీద మధ్యాహ్నం ఎండ పడితే ముందు తెల్లటి మచ్చలు, తర్వాత గోధుమరంగు, దాన్ని తెగులనుకొని మందు కొడతారు, ఎండదెబ్బకు మందేం పనిచేస్తుంది చెప్పండి. ఫెర్న్ చిగురు దగ్గరగా చూడండి, గోధుమరంగు నూగుతో పసిపాప పిడికిలిలా చుట్టుకొని ఉంటుంది, అప్పుడు వేడిగాలి కొట్టిందంటే విచ్చుకోకుండానే మాడిపోతుంది. వేపకు ఎర్రటి లేతాకు వచ్చి కొమ్మలు మళ్లీ కమ్ముకునేదాకా, అంటే ఉగాది పచ్చడికి పూత దొరికే రోజులదాకా, 50 శాతం గ్రీన్ నెట్ (ఎండను సగం ఆపే ఆకుపచ్చ నీడవల) కట్టండి, ముఖ్యంగా పడమర వైపు.

అపోహ: రాలిన ఆకు చెత్త.

ఊడ్చి కాల్చేస్తుంటే నాకు బాధేస్తుంది. రెండు అంగుళాల మందాన కుదుళ్లలో పరచండి, మొదలుకు మాత్రం ఆనించొద్దు. తడి ఎంతసేపు నిలుస్తుందో రెండు వేళ్లు మట్టిలోకి దించి చూస్తే మీకే తెలుస్తుంది.

అపోహ: చిగురు పడింది కాబట్టి యూరియా వేయాలి.

యూరియాతో మెత్తగా ఏపుగా వచ్చిన చిగురుకే పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) ముందు పట్టేది. మాగిన పశువుల ఎరువు కుదురుకు రెండు గుప్పెళ్లు చాలు. కనకాంబరానికైతే ఎండిన కంకులు ఇప్పుడే తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. విత్తనం కావాలంటే రెండు కంకులు ఉంచుకోండి, తడి తగలగానే టప్‌మని పేలి గింజలు చిమ్ముతాయి కాబట్టి పొడిగా ఉన్నప్పుడే కోసి కాగితం సంచిలో వేయాలి.